గంటకు ఇరవై, వెనకాల అరవై

ఆ రోజు ఉదయం ఏడున్నరకు వంటింటి బల్ల మీద ఒక గ్లాసు, ఒక చెంబు, ఒక గిన్నె, ఒక చెంచా బారు తీరి ఉన్నాయి. గ్లాసు కారు. చెంబు బస్సు. గిన్నె లారీ. చెంచా స్కూటరు. వాటిని ఒకదాని వెనక ఒకటి అంగుళం చొప్పున ముందుకు జరుపుతున్న పెద్దమనిషిని వీధిలో అందరూ పొగాయన అంటారు. అలాగని ఆయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు. బళ్ళు వదిలే పొగను కొలవడం ఆయన ఉద్యోగం. రోడ్ల ఆఫీసులో చేరి పద్నాలుగేళ్ళయింది. గొట్టాల వెనక వంగి వంగి నడుమూ ఒంగింది, ఆ పేరూ స్థిరపడింది.

"మళ్ళీ చెప్తున్నా, జాగ్రత్తగా వినండి. డిపో దగ్గర బయల్దేరతాం. బడి గేటు దగ్గర ఆగుతాం. మొత్తం ఎనిమిది కిలోమీటర్లు. గంటకి ఇరవై. ఇరవై రెండు దాటకూడదు, పద్దెనిమిదికి తగ్గకూడదు, మధ్యలో ఆగకూడదు. ఆగామా, పరీక్ష చెల్లదు."

"అవన్నీ సరేగానీ, ఆ చెంబు ఇటివ్వండి. నీళ్ళు కాచాలి," అంది భార్య. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. అసలు బస్సును పదేళ్ళుగా ఇరుకు సందుల్లో తిప్పుతున్న మనిషికి చెంబు బస్సు మీద పెద్ద గౌరవం లేదు.

ఆమె తండ్రి కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నారు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలి, మానేశాక కూడా ఆ లారీని అమ్మబుద్ధి కాక ఇంటి ముందే పెట్టుకున్న మనిషి. "ఇరవై మీద తోలడమంటే లారీని అవమానించడమే అల్లుడూ. ఎంత గట్టిగా తొక్కితే అంత తొందరగా ఊరు చేరతాం, అంత తొందరగా పొగ ఆగుతుంది. దీనికి పరీక్షొకటా?"

"అది కాదు మామయ్యా. తొంభై మీద వెళ్తే గాలిని తోసుకుంటూ పోవడానికే ఇంజను డీజిలంతా తాగేస్తుంది. ఇరవై మీద వెళ్తే దూరం తరగదు, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒక చోట పొగ తక్కువ. కారుకి ఒక చోట, బస్సుకి ఒక చోట, మీ లారీకి ఒక చోట, స్కూటరుకి ఒక చోట. అందరూ సర్దుకుపోగలిగేది నలభై."

"అయితే నలభై అని రాసి పారెయ్."

రాశాడు. చిక్కు అక్కడే వచ్చింది. రోడ్ల ఆఫీసు పెద్ద ఇంజనీరును వెనకాల అందరూ బోర్డు సారు అంటారు. రోడ్డు మీద గుంట పడితే ఆయన 'గుంట ఉన్నది' అని బోర్డు పెట్టిస్తారు. ఆ బోర్డు గుంటలో పడితే ఇంకో బోర్డు పెట్టిస్తారు. బడి ముందు రోడ్డు మీద పొగ పెరిగిపోయిందని తల్లిదండ్రులు మొత్తుకుంటే, నిదానమే ప్రధానమని ఒక మాట అని, 'గంటకు 20' అని రెండు వందల బోర్డులు రాయించేశారు. ప్రతి బోర్డు కిందా తన పేరు, హోదా. పొగాయన తీసుకెళ్ళిన పట్టికలో నలభై, అరవై, తొంభై గడుల్లో అంకెలు నిండుగా ఉన్నాయి, ఇరవై గడి ఖాళీగా ఉంది. బోర్డు సారు సరిగ్గా ఆ ఖాళీ మీదే వేలు పెట్టారు.

"ఇరవై మీద కొలవకుండానే ఇరవై తప్పంటావేమయ్యా? కొలిచి పట్టుకురా. శుక్రవారం పదకొండింటికి బడిలోనే కమిటీ కూర్చుంటుంది. అంకె ఉంటే మాట్లాడు. లేదంటే సంతకాలు చేసేసి, మధ్యాహ్నానికల్లా బోర్డులు పాతించేస్తాను."

అడిగినదాంట్లో తప్పు లేదు. పొగాయనకు ఎక్కువ కష్టంగా ఉన్నది అదే. ఇవాళ ఆ శుక్రవారం.

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. పిల్లకు ఎనిమిదేళ్ళు. ఆ బడిలోనే మూడో తరగతి, రోడ్డు వైపు కిటికీ పక్క బెంచీ. రెండేళ్ళుగా ఆ దగ్గు తగ్గలేదు, మందులే మూడుసార్లు మారాయి. బెంచీ మార్చమని టీచరును అడుగుతానని పోయిన నెల పొగాయన అంటే, "అప్పుడు ఆ బెంచీలో ఇంకో పిల్ల కూర్చుంటుంది కదా నాన్నా," అంది. ఊరి బళ్ళ పొగంతా కొలవగలిగి, కన్నకూతురి గొంతులోకి పోయే పొగను ఆపలేని తన బతుకు మీద ఆ రాత్రి ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ పరీక్షకు ఒప్పుకున్నాడు.

"పదండి, పదండి," అని మామగారు లేచి, పట్టపగలు వెలుగుతున్న వంటింటి దీపం ఆర్పేశారు. "ఊరికే వెలిగే దీపం, ఊరికే తిరిగే ఇంజను... రెండూ కొంపలు ముంచేవే."

డిపోకు చేరేసరికి తొమ్మిదిన్నర. పరీక్ష కారు కదల్లేదు. మూత తెరిచి చూస్తే ఎలుక వైర్లు కొరికేసి, తీరిగ్గా అక్కడే గూడు కూడా పెట్టుకుంది. పరీక్షకు అయిదేళ్ళు నిండని పెట్రోలు కారు కావాలి. ఆఫీసు మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉంది. పొగాయన గుండె చిక్కబట్టుకుని బోర్డు సారుకు ఫోన్ చేశాడు.

"నా కారు పంపిస్తాను. బడికి నేను ఎలాగో వస్తాను. దాని మీద గీత పడిందో, నీ తలరాత మారిపోతుంది. ఇంకో మాట. ముందున్న బోర్డు మాత్రం తియ్యకు. బోర్డు లేని బండీ ఒక బండేనా?"

ఆ బోర్డు ఊరందరికీ తెలుసు. తెల్ల రేకు మీద ఎర్రక్షరాలతో 'పెద్ద ఇంజనీరు, రోడ్ల ఆఫీసు' అని మూర పొడుగున ఉంటుంది. దానికి దారి ఇవ్వక తిట్లు తిన్నవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

పొగ కొలిచే పెట్టెను నలుగురు పట్టి ఆ కారు పైన ఎక్కించి తాళ్ళతో కట్టారు. ఇనప్పెట్టె, ఆరడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. నాలుగు బళ్ళ గొట్టాలకూ నాలుగు చిన్న డబ్బాలు బిగించారు. అవి పంపే లెక్కలన్నీ గాల్లోనే వచ్చి ఈ పెట్టెలోని కాగితం చుట్ట మీద అచ్చవుతాయి. కాగితం చుట్ట కూడా ఒక్కటే మిగిలింది. పొగాయన మీట నొక్కి, ఆకుపచ్చ దీపం వెలిగిందని రెండుసార్లు చూసుకున్నాడు. పెట్టెకు ఎండ తగలకూడదు. దాని గుడ్డ చూస్తే ఎలుక కారు డిక్కీలో ఉంది, డిక్కీ తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అప్పుడు భార్య బస్సులోంచి, చాకలి దుకాణం నుంచి పొద్దున్నే తెచ్చుకున్న తెల్ల దుప్పటి పట్టుకొచ్చింది. పెట్టె మీద పరిచి, నాలుగు వైపులా చక్కగా దోపింది. అంచుల్లో చిన్న చిన్న గులాబీలున్నాయి.

ఆఫీసు టైపిస్టమ్మ తన స్కూటరు మీదే కూర్చుని తల ఒక పక్కకు వంచి చూసింది. యాభై దాటిన మనిషి, లోకం చూసిన మనిషి. "సార్, ఇది చూడ్డానికి ఏదోలా ఉందండీ."

"ఎండ తగలదమ్మా, అది చాలు. అందరూ హెడ్‌లైట్లు వేసుకోండి. పరీక్ష బళ్ళని అందరికీ తెలియాలి కదా."

కారులో పెట్రోలు పోయించడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో మామగారు కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, నాలుగు టైర్లూ తన్ని చూసి, దుప్పటి అంచు ఎత్తి లోపలికి ఒకసారి తొంగి చూసి, మళ్ళీ నీటుగా సర్ది, వెళ్ళి తన లారీ ఎక్కారు. కారులో, బస్సులో, లారీలో మాట్లాడుకోవడానికి తలా ఒక వైర్‌లెస్సు. పదీ ముప్ఫై మూడుకు పొగాయన కారు కదిలించాడు. వెనకాల భార్య బస్సు, దాని వెనక మామగారి లారీ, అన్నిటికంటే వెనక టైపిస్టమ్మ స్కూటరు.

మొదటి కిలోమీటరు బ్రహ్మాండంగా గడిచింది. సూది ఇరవై మీద నిలబడింది. వెనకాల ఎవరో రెండుసార్లు హారన్ కొట్టారు. తర్వాత, విచిత్రంగా, ఆపేశారు. పొగాయనకు అది పట్టలేదు. ఆయన భయమంతా సిగ్నళ్ళ గురించి. దారిలో మూడున్నాయి. పరీక్ష అయ్యేదాకా వాటిని ఆకుపచ్చగా ఉంచమని ట్రాఫిక్ ఆఫీసుకు రాసిన ఉత్తరానికి జవాబే రాలేదు. మలుపు తిరగ్గానే మొదటి సిగ్నలు కనిపించింది. ఎర్రగా ఉంది.

సూది ఇరవై. సిగ్నలు ఎరుపు. దూరం రెండు వందల గజాలు. కాలు బ్రేకు మీదికి వెళ్తోంది, మనసు వద్దంటోంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. సరిగ్గా అప్పుడే కూడలి మధ్య నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు ఇటు తిరిగాడు. ఊరందరికీ తెలిసిన బోర్డు పెట్టుకుని, పట్టపగలు లైట్లు వేసుకుని, నెత్తిన తెల్లదుప్పటి కప్పిన ఆరడుగుల పెట్టెతో, అడుగులో అడుగేసుకుంటూ వస్తున్న కారును చూశాడు. వెనకాల ఖాళీ బస్సు. ఆ వెనక లారీ. చిట్టచివర, లారీ పొగ కళ్ళలో పడి, ఒక చేత్తో స్కూటరు పట్టుకుని రెండో చేత్తో పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ఆడమనిషి. పోలీసు టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. ఈల ఊదాడు. నాలుగు వైపులా బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

పొగాయన నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. సూది చూశాడు. ఇరవై. నోరు మూసుకుని కూడలి దాటేశాడు.

వైర్‌లెస్సు గరగరలాడింది. "ఏమండీ, ఆయన టోపీ ఎందుకు తీశాడు?"

"ఎండగా ఉందేమో."

"ఎండగా ఉంటే టోపీ పెట్టుకుంటారండీ, తియ్యరు." అంతలో కారు మీది తెల్లగుడ్డ కళ్ళబడింది. "అయ్యో రాత. నా దుప్పటి! ఏమండీ, ఆపి చెప్పండి వాళ్ళకి."

"ఆపితే పరీక్ష పోతుంది. ఇదొక్కటే కదా. కూడలి దాటేశాం, ఇంక ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

గుర్తుపెట్టుకునే ఉద్దేశం ఆ పోలీసుకు గట్టిగానే ఉంది. అరనిమిషంలో మోటారు సైకిలు మీద కారును దాటి ముందుకొచ్చి, గంభీరంగా ఒకసారి తల వంచి, సైరను వేసి, ఇరవై మీద దారి చూపించడం మొదలుపెట్టాడు. ముందు కూడలికి కబురు కూడా పంపాడు. రెండో సిగ్నలు వీళ్ళ కోసమే కాచుకున్నట్టు తెరుచుకుంది. పొగాయనకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పి ఉంటే ఈపాటికి పరీక్ష పోయేది. చెప్పకపోవడం వల్ల ఏం పోతోందో ఇంకా తెలియదు.

"వెనకాల ఎన్ని బళ్ళున్నాయి?" అని అడిగాడు.

"పదకొండు. ఒక్కడూ దాటట్లేదు. శవాన్ని దాటుకుని ఎవడు పోతాడండీ?"

మామగారి గొంతు మధ్యలో దూరింది. "అల్లుడూ, ముప్ఫై ఏళ్ళు తోలాను గానీ లారీకి ఇంత మర్యాద ఎప్పుడూ చూళ్ళేదు. ఇందాక ఒకాయన నాకు దండం పెట్టాడు. నేనూ పెట్టాను."

"మీరెందుకు పెట్టారు మామయ్యా!"

"పెట్టినవాడికి తిరిగి పెట్టకపోతే ఏం బాగుంటుంది?"

ఇరవై మీద వెళ్తే ఒక సౌకర్యం ఉంది. రోడ్డు పక్కన ఎవరేమనుకుంటున్నారో అన్నీ వినిపిస్తాయి. టీ దుకాణం ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. "ఎవరంటావు?" "బోర్డు చూళ్ళేదా? పెద్ద ఇంజనీరు." "అయ్యో, నిన్ననే ఇక్కడ నిలబడి చక్కెర ఎక్కువైందని అరిచాడే!" "అరిచి అరిచి పోయాడు పాపం." "మరి ఆ ఇరవై బోర్డులు?" "ఇంకెక్కడి బోర్డులు? మంచివాడే మొత్తానికి."

పూల దుకాణం యజమాని ఏకంగా పరుగెత్తుకుంటూ వచ్చి, నడుస్తున్న కారు ముందు భాగం మీద ఒక పూలచక్రం ఆనించాడు. దాని ఇనప తీగ రంగు మీద గీరుకుంటుందేమోనని పొగాయన ప్రాణం గిలగిల్లాడింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమయ్యా, పైన ఉన్నది ఉత్త పెట్టె! అందులో మనిషి లేడు!" అని అరిచాడు.

దుకాణదారు కారు పక్కనే నడుస్తూ కళ్ళు ఒత్తుకున్నాడు. "నిజమేనండీ. ఆ మనిషి లేని లోటు తీరేది కాదు."

అయిదో కిలోమీటరు దాటేసరికి బళ్ళు ముప్ఫై అయ్యాయి. పాల వ్యాను, ట్యాక్సీలు, సిమెంటు కలిపే లారీ, ఇంకో రెండు సిటీ బస్సులు, లెక్కలేనన్ని మోటారు సైకిళ్ళు. ముందున్న నాలుగూ నిలకడగా వెళ్తున్నాయి గానీ, వెనకవాళ్ళకు ఇరవై ఎక్కడ కుదురుతుంది? కాస్త కదలడం, కాస్త ఆగడం, మళ్ళీ మొదటి గేరు, మళ్ళీ బుస్సుమని పొగ. పొగాయన అద్దంలోకి చూశాడు. రోడ్డు చివర నీలంగా మసక కమ్ముకుంటోంది. పద్నాలుగేళ్ళ అనుభవం. దాన్ని చూస్తే చాలు, ఎంత ఉంటుందో చెప్పగలడు. అంకె మనసులోకి రాగానే అద్దంలోంచి చూపు తిప్పేసుకున్నాడు.

"ఏమండీ," అంది భార్య. ఈసారి ఆ గొంతులో ఎగతాళి లేదు. "యాభై రెండు దాకా లెక్కపెట్టాను. ఆ వెనక పొగలో ఏం కనబడట్లేదు. ఇదంతా మనం నేరుగా బడి దగ్గరికే పట్టుకెళ్తున్నాం. మన పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది."

"ఆపెయ్యనా?" అన్నాడు. ఇంకా రెండు కిలోమీటర్లుంది. ఆపితే అంకె లేదు. అంకె లేకపోతే మధ్యాహ్నానికి బోర్డులు. ఆపకపోతే, ఆ కిటికీ.

ఆమె అంది: "ఇవాళ ఆపితే రేపట్నుంచి రోజూ ఇదే కదండీ. పోనివ్వండి. బస్సు రేడియోలో డిపోకి చెప్తాను. వాళ్ళు బడికి ఫోన్ చేసి కిటికీలు మూయిస్తారు."

పొగాయన సూది మీదే చూపు పెట్టుకుని, కళ్ళు మండుతున్నది పొగకో మరి దేనికో తేల్చుకోకుండా నడిపాడు. మూడో సిగ్నలు దగ్గర నలుగురు పోలీసులు వరసగా నిలబడి సెల్యూట్ చేశారు.

బడి వరండాలో కమిటీ కూర్చుని ఉంది. ఏడుగురు సభ్యులు. అధ్యక్షురాలు ఉద్యోగ విరమణ చేసిన పిల్లల డాక్టరమ్మ. తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. బోర్డు సారు ఒక చివర కలం తెరిచి పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గేటు పక్కన ఆయనే పోరుపెట్టి కొనిపించిన, గాలిలో పొగ చూపే మీటరు పెద్ద పెద్ద ఎర్ర అంకెల్లో 58 చూపిస్తోంది. దూరం నుంచి సైరను వినపడగానే ఆయన ఛాతీ కాస్త పొంగింది. "నా కారుకి పోలీసులు కూడా ముందు నడుస్తున్నారే," అని లేచి, చొక్కా సర్దుకుని మెట్ల మీదికొచ్చి నిలబడ్డారు.

పదీ యాభై ఏడుకు కారు గేటు దగ్గర ఆగింది. పోలీసు మోటారు సైకిలు దిగి, టోపీ తీసి, తలెత్తి చూస్తే మెట్ల మీద స్వర్గస్థులు నిలబడి ఉన్నారు. టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. ఏది మర్యాదో తేలక చివరికి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అదే సమయానికి బోర్డు సారు జేబులో ఫోన్ మోగింది. "ఉన్నానా అంటావేమిటే? ఉన్నాను... ఎవరు చెప్పారు?... అందరూ చెప్తే మాత్రం?... నిక్షేపంలా ఉన్నాను... సరే, వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తెస్తాలే," అని పెట్టేశారు. అప్పుడు కారు మీద పూలచక్రం చూశారు. దుప్పటి చూశారు. రంగు చేతులతో, ఒక బోర్డు చంకన పెట్టుకుని గేట్లోంచి లోపలికొస్తున్న బోర్డుల పెయింటరును చూశారు.

పెయింటరు ఆయన్ని చూసి ముందు అదిరిపడి, తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు. "బతికే ఉన్నారా సార్! సంతోషం. మీ పేరు ముందు 'కీర్తిశేషులు' అని ఒక్కదాని మీదే రాశాను. మిగతా నూటతొంభై తొమ్మిదీ అడిగి రాద్దామని ఆగాను."

బోర్డు సారు ముఖం ఎర్రబడింది, నల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది. "పొగాయనా! నన్ను ఊరంతా ఊరేగించి చంపావు. అది తర్వాత తేలుస్తాను. ముందు అంకె. అంకె ఏది?"

పొగాయన కారు మెట్టెక్కి, తాళ్ళు విప్పి, దుప్పటి తొలగించి, పెట్టె మూత తెరిచాడు. లోపల కాగితం తెల్లగా ఉంది. గీత లేదు, చుక్క లేదు. ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. మీట కిందికి ఉంది. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి మామగారి వైపు చూశాడు.

మామగారు మీసం వదిలేశారు. "పెట్రోలు పోయించేటప్పుడు... ఊరికే వెలుగుతోంది కదా అని..." దగ్గరికొచ్చి చెవిలో గొణిగారు: "అల్లుడూ, ఏదో ఒక అంకె రాసెయ్. నీకు తెలుసు కదా ఎంతుంటుందో. ఎవడు చూడొచ్చాడు?"

ఎంతుంటుందో పొగాయనకు నిజంగానే తెలుసు. ఆ అంకె రాస్తే అబద్ధం కూడా కాదు. జేబులో కలం ఉంది. వరండా పక్క గదిలో, మూసిన కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూతురు తన్నే చూస్తోంది. కొలవని అంకెను ఒక్కసారి రాస్తే, పద్నాలుగేళ్ళుగా కొలిచినవన్నీ కూడా అలాంటివే అయిపోతాయి. ఆయన కలం తియ్యలేదు. కారు దిగి వరండా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"లేదు సార్. పెట్టె ఆరిపోయింది. కొలవలేదు."

భార్య బస్సు దిగి వచ్చి పక్కన నిలబడింది.

"విన్నారా డాక్టరుగారూ!" అని బోర్డు సారు కుర్చీలో కూలబడి కలం అందుకున్నారు. "అంకె లేదు. నేను మొదట్నుంచీ చెప్తున్నాను, నిదానమే ప్రధానమని. ఇంక సంతకాలు..."

ఆ మాట పూర్తి కాలేదు. దగ్గొచ్చింది. మొదట ఒక్క దగ్గు. తర్వాత వరసగా. ఈ మాటలన్నీ జరుగుతుండగా వెనకాల బళ్ళు ఒక్కొక్కటే వచ్చి గేటు ముందు చేరాయి. ఊరేగింపు మళ్ళీ ఎప్పుడు కదులుతుందోనని ఎవరూ ఇంజను ఆపలేదు. వాటితోపాటు ఎనిమిది కిలోమీటర్లు వెంట వచ్చిన పొగ కూడా తీరిగ్గా గేటు దాటి, మెట్లెక్కి, వరండాలో కమిటీతో కలిసి కూర్చుంది. మీటరు 140 చూపించింది. 310 చూపించింది. 999 దాకా వెళ్ళి, నాలుగో అంకెకు చోటు లేక అడ్డగీతలు చూపించడం మొదలుపెట్టింది. ఏడుగురు సభ్యులూ ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. పొమ్మనలేక పొగబెట్టడం అనే మాట అందరూ విన్నదే గానీ, ఒక కమిటీ మొత్తానికి అది జరగడం అదే మొదలు.

డాక్టరమ్మ రుమాలు కాస్త తొలగించి పోలీసును పిలిచింది. "ఈ బళ్ళన్నీ ఎంత వేగంలో వచ్చాయి బాబూ?"

పోలీసుకు హఠాత్తుగా తెలిసిన ప్రశ్న ఎదురైంది. టోపీ పెట్టుకుని సెల్యూట్ కొట్టాడు. "ఇరవై మేడమ్. మొదటి సిగ్నలు నుంచి ఇక్కడిదాకా ఇరవయ్యే. ముందు నేనే నడిచాను. వెనకాల అరవై బళ్ళు, ఒక్కటి కూడా దాటలేదు."

"అది... గుంపు వల్ల..." అన్నారు బోర్డు సారు, దగ్గుల మధ్య ఖాళీ చూసుకుని. "వేగం... వల్ల కాదు..."

"మీరు బోర్డులు పెడితే రోజూ ఇదే గుంపు, ఇదే వేగం కదండీ? ఆయన పెట్టెలో నాలుగు బళ్ళ లెక్కే వచ్చేది. మీరు అరవై బళ్ళది చూపించారు, అదీ మీరు కొనిపించిన మీటరు మీద." డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని ఇరవై కొట్టేసి నలభై అని రాసింది. "అభ్యంతరం ఏమైనా ఉంటే చెప్పండి."

బోర్డు సారు చెయ్యెత్తి, నోరు తెరిచి, గట్టిగా దగ్గారు.

"లేదన్నమాట," అని ఆమె సంతకం చేసింది. మిగతా ఆరుగురూ ఊపిరి బిగబట్టి, అందుకే చాలా తొందరగా, సంతకాలు చేశారు.

పోలీసు బయటికెళ్ళి ఇంజన్లు ఆపించి, బళ్ళను ఒక్కొక్కటే పంపించాడు. బోర్డు సారు గేటు దాకా నడిచి ఆ బారు వైపు చాలాసేపు చూశారు. కళ్ళలో నీళ్ళున్నాయి. దగ్గరున్న ట్యాక్సీ డ్రైవరుతో, "ఇంతమంది... నా కోసం వచ్చారా?" అన్నారు.

"లేదండీ, దాటిపోయే దారి లేక వచ్చాం," అన్నాడతను. ఆ ఒక్క మాటకు బోర్డు సారు ఎంత చిన్నబోయారంటే, కారు మీద పూలచక్రం చేసిన గీత గురించి అడగడం కూడా మర్చిపోయారు. పెయింటరు మాత్రం అక్కడే మెట్ల మీద కూర్చుని, రెండు మీద తెల్లరంగు పూసి నాలుగు దిద్దడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఇంట్లో పిల్ల తాతగారి ఒళ్ళో చేరింది. "తాతయ్యా, అంత పెద్ద ఊరేగింపు! ఎవరు పోయారు?"

"ఇరవై పోయిందమ్మా," అన్నారాయన. వంటింట్లో దీపం వెలుగుతోంది. దాని వైపు ఒకసారి చూసి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పొగాయన బల్ల మీద గ్లాసునూ గిన్నెనూ పక్కకు జరిపి నివేదిక పూర్తి చేశాడు. నలభై, అరవై, తొంభై గడుల్లో ఎప్పటి అంకెలే. ఇరవై గడిలో, ఏడుగురు సభ్యుల సంతకాల సాక్షిగా, ఆయన రాసినది ఇంతే: "కొలవలేదు, పీల్చాం."